అక్యూజటివ్ అంటే నేరం మోపే విభక్తా? ఈ పేరు ఎవరు పెట్టారబ్బా?

కావలి సిస్టర్:

అందరికీ నమస్తే. నేను నెల్లూరులో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని, రోజూ కావలి నుంచి రైల్లో వచ్చి పోతుంటాను. జర్మనీలో నర్సు ఉద్యోగానికి ప్రయత్నం చేస్తున్నా, దానికి బీ2 అనే లెవెల్ దాకా జర్మన్ రావాలి, నేనింకా దాని కింద ఏ2లోనే ఈదుతున్నా. పోయిన వారం నుంచి క్లాసులో అక్యూజటివ్ కేసు నడుస్తోంది. డెర్ మాన్ కాస్తా డెన్ మాన్ అవుతుంది, 'ఇష్ జేయె డెన్ మాన్' అంటే 'నేను ఆ మనిషిని చూస్తున్నాను' అని. అది బాగానే అర్థమైంది, మనిషికి 'ని' తగిలిస్తే మనిషిని, మనకి కొత్తేం కాదు.

నాకు బుర్రకెక్కనిది ఆ పేరు. అక్యూజ్ అంటే నేరం మోపడం గదా, అక్యూజ్డ్ అంటే ముద్దాయి. 'ఇష్ ట్రింకె డెన్ టే', నేను టీ తాగుతున్నాను. పాపం ఆ టీ చేసిన నేరమేంది? పైగా 'కేసు' అంటారు దాన్ని. కేసు, అక్యూజ్డ్... ఇది గ్రామరా, పోలీస్ స్టేషనా? క్లాసులో అడిగితే "పేరుతో నీకేం పనమ్మా, టేబుల్ బట్టీ కొట్టు" అన్నారు. కొట్టా. కానీ నైట్ డ్యూటీలో రెండు గంటలప్పుడు వార్డు సద్దుమణిగాక ఇదే గుర్తొస్తోంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, గూగుల్లో చూస్తే అంతా పండితుల భాషలో ఉంది.

పెన్నా గట్టు:

మీ టీచర్ చెప్పిందే కరెక్ట్. మన బళ్లో "ని, ను, ల, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి" అని పాటలాగా పాడి పాసవలేదా, ద్వితీయ అంటే ఎందుకు ద్వితీయ అని ఎవరైనా అడిగామా? పరీక్షలో పేరు చరిత్ర అడగరు. డెర్ డెన్ డెమ్ డెస్ పాడుకో, అయిపోద్ది.

సింగరాయకొండ పంతులు:

గట్టు గారూ, అడగలేదు కాబట్టే మన పిల్లలకి వ్యాకరణం అంటే విసుగు పుట్టింది.

అమ్మా సిస్టర్, నువ్వడిగింది మంచి ప్రశ్న. నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి, గ్రీకు లాటిన్లలో పండితుణ్ణి కాను, అయినా ఈ ఒక్క మాట వెనకాల మాత్రం చాలా తిరిగాను, ఎందుకంటే ఇంగ్లీషు మాస్టారు సెలవు పెట్టిన రోజు ఆ క్లాసు నా నెత్తిన పడేది, పిల్లలు ఇదే అడిగేవాళ్లు, నేను నీళ్లు నమిలేవాణ్ణి.

ఆ మాట ఇంగ్లీషువాళ్లది కాదు. ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది, లాటిన్‌లో అక్కూసాతీవుస్. ఆ లాటిన్ మాటా రోమన్లు సొంతంగా పుట్టించింది కాదు. వాళ్లకి వ్యాకరణం అంటే గ్రీకుల దగ్గర నేర్చుకున్న విద్య, అందుకని గ్రీకు పేరు ఒక్కొక్కటీ తీసుకుని దానికి లాటిన్ చొక్కా తొడిగారు. అలెగ్జాండ్రియాలో చదువుకున్న డయొనీషియస్ థ్రాక్స్ పేరున ఒక చిన్న గ్రీకు వ్యాకరణం ఉంది, అందులో ఐదు విభక్తుల పేర్లున్నాయి, వాటిలో ఒకటి ఐతియాతికే. ఇదే మన ముద్దాయి.

ఐతియాతికే అనే మాట ఐతియా నుంచి వచ్చింది. ఈ ఐతియాకి గ్రీకులో రెండు అర్థాలు, ఒకటి కారణం, రెండోది నింద. ఒకే మాటకి ఇవి రెండూ ఎట్టా కుదిరాయి అంటావేమో, మన తెలుగులో నెపం లేదా? 'చుట్టపుచూపు నెపంతో వచ్చి పది రోజులు తిష్ట వేశాడు' అంటే ఆ కారణం చెప్పుకుని అని. 'పాలు విరిగితే నెపం కోడలి మీదకి నెట్టింది' అంటే తప్పు ఆమె మీద వేసిందని. మాట ఒక్కటే. మనం ఆలోచించకుండా వాడేస్తాం, ఎక్కడ ఏ అర్థమో చెవికి తెలుస్తుంది. అదే తెలుగు సగం వచ్చినవాడు డిక్షనరీలో మొదట కనపడిన అర్థం పట్టుకుని పోతే పప్పులో కాలే.

రోమన్లు పప్పులో కాలేశారనేదే చాలామంది మాట. గ్రీకులో ఐతియాతోన్ అంటే ఒక కారణం వల్ల కలిగినది, అంటే ఫలితం, అరిస్టాటిల్ ఆ అర్థంలో వాడాడు. కుమ్మరి కుండని చేశాడు అన్నప్పుడు కుమ్మరి పనికి ఫలితం కుండ. కాబట్టి ఐతియాతికే అంటే పని వల్ల ఏది కలిగిందో, పని దేని మీద వాలిందో దాన్ని చెప్పే విభక్తి అని ఉండాలి. ఈ సంగతిని 19వ శతాబ్దంలో జర్మన్ పండితులు గట్టిగా వాదించారు. కానీ లాటిన్‌లోకి వెళ్లేటప్పుడు కారణం జారిపోయి నింద అతుక్కుంది. క్రీ.పూ. 116లో పుట్టిన వర్రో అనే ఆయన లాటిన్ భాష మీద 25 భాగాల గ్రంథం రాశాడు, మనకి 5 నుంచి 10 దాకా మిగిలాయి, ఆయన కూడా దీన్ని నేరం మోపే విభక్తి అనే అర్థంలోనే అన్నాడు. తర్వాత క్రీ.శ. 500 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో పాఠాలు చెప్పిన ప్రిస్కియన్ ఎక్కడో కొంచెం అనుమానపడ్డట్టున్నాడు, 'అక్కూసాతీవుస్ లేదా కౌసాతీవుస్' అని రెండో పేరు కూడా ఇచ్చాడు. కౌసా అంటే కారణం. ఎవరు విన్నారు, అప్పటికే మొదటి పేరు బడిపిల్లల నోట్లో నానిపోయింది.

ఇంకో మాట తల్లీ, నువ్వు నర్సింగ్‌లో ప్రతి జబ్బుకీ మొదట ఏం చదివావు? డెఫినిషన్, తర్వాత ఈటియాలజీ. జబ్బుకి కారణాలు. ఆ ఈటియాలజీ ఈ ఐతియానే. మీ డాక్టర్లు కారణం అనే అర్థం తీసుకున్నారు, గ్రామరు వాళ్లు నింద అనే అర్థం తీసుకున్నారు, అంతే తేడా.

మన తిక్కన ఇదే నెల్లూరులో కూర్చుని భారతంలో 15 పర్వాలు తెనిగించాడు, మాటకి మాట పెట్టుకుంటూ పోయుంటే మనమెవరం చదివేవాళ్లం కాదు. తర్జుమా గొడవలు వచ్చినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

కోర్టు సెంటర్, ఒంగోలు:

నేను వకీలు గుమాస్తాని, కేసు అనే మాట కనపడి ఆగా. సిస్టర్ గారూ, పోలీస్ స్టేషన్ అని మీరు నవ్వులాటకి అన్నారు గానీ అది సగం నిజమే.

మా రోజు కాజ్ లిస్టుతో మొదలవుతుంది, ఈ రోజు బెంచి మీదకి ఏ కేసులు వస్తాయో ఆ జాబితా. పంతులుగారు చెప్పిన కౌసా ఉంది చూశారా, అదే ఈ కాజ్. లాటిన్‌లో కౌసా అంటే కారణమూ, దావా కూడా. దాని ముందు అద్ చేర్చి అక్కూసారె చేశారు, అంటే దావాలోకి ఈడ్చడం, అదే ఇంగ్లీషు అక్యూజ్. అంటే చూడండి, గ్రీకు ఐతియాలాగే రోమన్ల మాటకీ రెండర్థాలున్నాయి, కారణం అనేది వాళ్ల చేతిలోనే ఉంది, అయినా పోయి పోయి కోర్టు వైపు వెళ్లారు. రోమన్లకి కోర్టుల పిచ్చి ఎక్కువ అని మా సీనియర్ అంటుంటారు, ఆయనకీ తక్కువ లేదు.

ఇక కేసు. కోర్టు కేసూ గ్రామరు కేసూ ఒకటే మాట, లాటిన్‌లో కాసుస్, కాడెరె అంటే పడటం, కాసుస్ అంటే పడటం, వచ్చి పడింది, జరిగింది. మనం ఏమంటాం? 'వాడి మీద కేసు పడింది' అంటాం. లాటిన్ తెలియకుండానే సరిగ్గా అంటున్నాం! యాక్సిడెంట్ కూడా ఆ పడటంలోదే. అయితే సూట్‌కేసు, కూల్‌డ్రింకుల కేసు వేరు, అది కాప్సా అనే ఇంకో లాటిన్ మాట, పెట్టె అని అర్థం. ఇంగ్లీషుకి వచ్చేసరికి రెండూ ఒకే స్పెల్లింగులో పడ్డాయి, అంతకుమించి చుట్టరికం లేదు.

కావలి సిస్టర్:

అయ్యో ఈటియాలజీ! మూడేళ్లు రాశాను ఆ మాట, సబ్జెక్టు ఏదైనా ఆన్సర్ షీట్ మీద అండర్‌లైన్ కొట్టి మరీ. ఇక అక్యూజటివ్ మర్చిపోతే ఒట్టు. మాస్టారూ, చాలా థాంక్స్. నెపం ఉదాహరణ మా అమ్మకి చదివి వినిపిస్తే "కోడలి మీదకే ఎందుకు, అత్త మీదకి నెట్టకూడదా" అంది.

కానీ ఇంకో డౌటు వచ్చింది. కోర్టు సెంటర్ గారు కేసంటే పడటం అన్నారు. గ్రామర్లో ఏం పడుతుంది? మాట ఎక్కడి నుంచి ఎక్కడికి పడుతుంది?

సింగరాయకొండ పంతులు:

అమ్మకి నా నమస్కారాలు చెప్పు, ఆమె మాటే కరెక్టు.

పడటం కూడా గ్రీకు నుంచి తర్జుమానే. గ్రీకులో ప్టోసిస్. ఈ మాట నీకు తెలియకపోతే నేను పంతులుగిరీ మానేస్తా. కంటి వార్డులో పైరెప్ప జారిపోయి కన్ను సగం మూసుకుపోయిన పేషెంటు కేస్ షీట్ మీద ఏం రాస్తారు? మీరు టోసిస్ అంటారు, ముందున్న ప అక్షరం రాస్తారు గానీ పలకరు. అదే మాట. రెప్ప వాలితే కంటి డాక్టరుది, మాట వాలితే వ్యాకరణం పంతులుది. సింప్టమ్ కూడా అదే కుటుంబం, కలిసి వచ్చి పడింది అని దానర్థం.

ఏం పడుతుంది అన్నావు గదా, స్టోయిక్కులు అనే గ్రీకు తత్వవేత్తలు ఒక కర్రని నిలబెట్టినట్టు ఊహించుకో. వాక్యంలో 'రాముడు' అని కర్తగా ఉంటే మాట నిటారుగా నిలబడ్డట్టు. రాముణ్ణి, రాముడికి, రాముడి అన్నప్పుడు ఆ మాట నిటారు నుంచి పక్కలకి వాలినట్టు. అందుకే మొదటిదాన్ని నిటారు విభక్తి అన్నారు, మిగతావాటిని పక్కకి వాలినవి అన్నారు, ఇంగ్లీషులో ఇప్పటికీ ఆబ్లీక్ అంటారు. డిక్లెన్షన్ అన్నా వాలడమే.

దీని మీద అరిస్టాటిల్ దారిలో నడిచేవాళ్లు అడ్డం తిరిగారు, నిటారుగా నిలబడ్డదాన్ని పడింది అని ఎట్టా అంటారయ్యా, పడితే నిటారుగా ఎట్టా ఉంటుంది అని. స్టోయిక్కుల జవాబు నాకు భలే ఇష్టం. మాట అనేది మనసులో ఉన్న ఆలోచన నుంచి పడుతుంది, పడినా నిటారుగా పడొచ్చు, రాసే గంటాన్ని పైనుంచి వదిలితే మొన దిగబడి నిలువుగా నిలబడదా అన్నారు. గ్రీకువాళ్లు మైనం పూసిన పలక మీద గంటంతో రాసేవాళ్లు, మనవాళ్లు తాటాకు మీద గీకినట్టు. రాసుకునే పనిముట్టే ఉపమానం అయింది.

నీ ఆస్పత్రిలో ఎమర్జెన్సీ వార్డుని క్యాజువాలిటీ అంటారు గదా, అదీ కాసుస్ పిల్లే. కేస్ షీట్‌లో కేసు సంగతి ముందే అయింది. నువ్వు రోజంతా విభక్తుల మధ్యనే తిరుగుతున్నావు.

భాషల పిచ్చోడు:

ఒక్క నిమిషం. తప్పు తర్జుమా అనే కథ వినడానికి బాగుంటుంది, అందుకే నెట్‌లో అందరూ అదే రాస్తారు, కానీ అంత ఖాయంగా చెప్పలేం. మిగతా విభక్తుల పేర్లు చూడండి. డేటివ్ ఇవ్వడం నుంచి వచ్చింది, గ్రీకులో దోతికే, లాటిన్‌లో దాతీవుస్. వొకేటివ్ పిలవడం నుంచి. అంటే ఒక విభక్తికి బాగా అతికే క్రియ ఒకటి తీసుకుని దాని పేరు పెట్టడం వాళ్ల పద్ధతి. 'ఫలానావాడికి ఇచ్చాను', అందుకని ఇచ్చే విభక్తి. అలాగే 'ఫలానావాణ్ణి నిందించాను', అందుకని నిందించే విభక్తి. గ్రీకులో ఐతియాతోన్ అర్థమే కాదు, ఐతియాఓమై అనే క్రియ కూడా ఉంది, నిందిస్తున్నాను అని, దాని కర్మ ఆ విభక్తిలోనే వస్తుంది. కాబట్టి గ్రీకువాళ్లే నిందించే విభక్తి అనుకుని పెట్టి ఉండొచ్చు, రోమన్లు సరిగ్గానే తర్జుమా చేసి ఉండొచ్చు. వర్రో మామూలోడు కాదు, గ్రీకు బాగా వచ్చినవాడు, ఊరికే పప్పులో కాలేశాడంటే నాకు నమ్మబుద్ధి కాదు. పంతులుగారు చెప్పిన ప్రిస్కియన్ కూడా 'మనిషిని నిందిస్తున్నాను' అనే ఉదాహరణే ఇచ్చాడు.

ఇంకోటి, ఈ తలనొప్పి మన పాణినికి లేదు. ఆయన విభక్తులకి నంబర్లు వేశాడు, ప్రథమ, ద్వితీయ, తృతీయ. అర్థాన్ని వేరే పెట్టెలో పెట్టాడు, వాటిని కారకాలు అన్నాడు. ద్వితీయ కర్మకి వస్తుంది, కర్మ అంటే ఏందంటే 'కర్తుర్ ఈప్సితతమం కర్మ', కర్త అన్నిటికంటే ఎక్కువగా కోరుకునేది. నేరం లేదు, నింద లేదు, కోరిక. సిస్టర్ గారు నైట్ డ్యూటీలో రెండు గంటలకి టీ తాగుతున్నారంటే ఆ టీ కచ్చితంగా ఈప్సితతమమే.

పరీక్ష కోసం ఒక హెచ్చరిక కూడా. తెలుగులో మనిషిని చూశాను అంటాం, 'మనిషి చూశాను' అంటే కుదరదు. కానీ టీ తాగాను, అన్నం తిన్నాను, చేపల పులుసు పెట్టాను అంటాం, ప్రాణం లేని వాటికి 'ని' చాలాసార్లు వదిలేస్తాం. జర్మన్ అట్టా వదలదు, పుంలింగం అయితే మనిషికైనా టీకైనా డెన్ రావాల్సిందే. అదే ది, దస్ వచ్చే స్త్రీలింగం, నపుంసకలింగం మాటలకి ఆ ది, దస్ ఈ విభక్తిలో అసలు మారవు. తెలుగులో 'ని' ఎక్కడ వస్తే అక్కడ డెన్ అని లెక్కేసుకుంటే దెబ్బతింటారు, నేను తిన్నా.

సింగరాయకొండ పంతులు:

పిచ్చోడు గారూ, మీ వాదన కాదనను, నేను కూడా 'చాలామంది మాట' అనే అన్నాను. కానీ రోమన్లని మరీ వెనకేసుకు రాకండి. జెనిటివ్, అంటే మన షష్ఠి లాంటిది, దాని దగ్గరా ఇదే తంతు. గ్రీకులో గెనికే అంటే జాతికి, రకానికి సంబంధించినది, దాన్ని గెనితీవుస్ చేశారు, అంటే పుట్టుకకి సంబంధించినదని. రెండు మాటల మూలం ఒకటే గానీ అర్థం పక్కకి పోయింది. ఒకసారి అయితే పొరపాటు, రెండోసారి కూడానా?

పాణిని సంగతి మాత్రం నూటికి నూరు. అయితే ఆయనా చతుర్థి దగ్గర కారకానికి సంప్రదానం అనే పేరు పెట్టాడు, అందులో ఉన్నదీ ఇవ్వడమే. దానంలో దా, లాటిన్ దారె, గ్రీకు దిదోమి, మూడూ ఒక తల్లి పిల్లలు. ఎవరికి వాళ్లు ఆలోచించి అందరూ ఇవ్వడం దగ్గరికే చేరారు. రోమన్లు మాత్రం గ్రీకులో లేని ఆరో విభక్తి ఒకటి తమ భాషలో ఉందని గమనించి దానికి ఆబ్లేటివ్ అని సొంత పేరు పెట్టుకున్నారు, తీసుకుపోవడం అని అర్థం. చూసి రాయడానికి పక్కవాడి పేపర్లో జవాబు లేదు మరి, అందుకని అది శుభ్రంగా వచ్చింది.

పెన్నా గట్టు:

సరే సరే, నేను బట్టీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే ఇంత తెలుసుకున్నాక కూడా టేబుల్ బట్టీ కొట్టాల్సిందే గదా?

భాషల పిచ్చోడు:

కొట్టాల్సిందే.

కావలి సిస్టర్:

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందని అనుకోలేదు. నిన్న క్లాసులో మళ్లీ నోరు జారి అడిగా, ఈసారి టీచరు తిట్టలేదు, నవ్వి ఒక సంగతి చెప్పారు. జర్మనీలో బడిపిల్లలకి అక్యూజటివ్‌ని వెన్‌ఫాల్ అని కూడా నేర్పుతారంట. వెన్ అంటే ఎవరిని, ఫాల్ అంటే కేసు. ఫాల్ అంటే ఊరికే పడటం కూడా అంట, పోలీసు కేసుకీ అదే మాట. నేను వెంటనే కోర్టు సెంటర్ గారి 'కేసు పడింది' చెప్పా, ఆవిడ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. వర్రోది తప్పా కాదా అనేది మాత్రం మాస్టారూ, పిచ్చోడు గారూ తేల్చుకోండి, నేను మాత్రం పేషెంటు కేస్ షీట్‌లో కారణం అని రాసుకునేదాన్ని కాబట్టి మాస్టారి పార్టీ.

పోయిన శనివారం టెస్టులో 'నేను పేషెంటుని చూస్తున్నాను' అని రాయమన్నారు. డెన్ కరెక్టుగా పెట్టా, కానీ పట్సియెంట్ అనే మాటకి చివర్లో ఎన్ తగిలించాలంట ఈ విభక్తిలో, అది వదిలేశా. అరమార్కు పోయింది. ఆ ఎన్ ఎందుకో మళ్లీ అడుగుతా, ఇప్పుడు పడుగుపాడు దాటాం, పెన్నా బ్రిడ్జి మీదకి ఎక్కింది రైలు, దిగాలి.